అతకకపోతే తప్పు జిగురుదా?

పగిలిన అద్దం ఇంట్లో ఉండకూడదు, భిన్నమైన విగ్రహానికి పూజ చెయ్యకూడదు, ఓటికుండలో నీళ్ళు పొయ్యకూడదు. ఈ మాటలు వినకుండా పెరిగిన ఆడపిల్ల మా గోదావరి జిల్లాల్లో ఉండదు. అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ మాటలు చెప్పిన మామ్మలే, వీధిలో "మాట్లేస్తాం, కళాయిలేస్తాం" అన్న కేక వినపడితే చాలు, చిల్లుగిన్నెలన్నీ తెచ్చి అరుగు మీద బోర్లించేవారు. నాలుగు చిరుగు చీరలు కలిస్తే ఒక బొంత. ఊగే కుర్చీకాలికి ఒక మేకు. ఊడిన కత్తిపిడికి ఇంత లక్క. విరిగినదాన్ని వదిలెయ్యమన్నది శాస్త్రం, అతికించుకోమన్నది సంసారం. ఈ రెండింటికీ మామ్మల దగ్గర తగువే రాలేదు. ఎప్పుడు శాస్త్రం మాట వినాలో, ఎప్పుడు సంసారం మాట వినాలో వాళ్ళకి తెలుసు. మరి మనకి తెలుసా?

ఇంత ఉపోద్ఘాతమూ ఒక కారు దీపం గురించి. నవ్వకండి. కారు దీపంలోంచి ధర్మసందేహం రాకూడదని ఎక్కడా లేదు కదా!

కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా పోయే 216 నంబరు జాతీయ రహదారి మా పిఠాపురం మీదుగానే వెళుతుంది. కాకినాడ వెళ్ళేవాళ్ళూ, పాదగయకి వచ్చే యాత్రికులూ, ఉప్పాడ చీరల కోసం వచ్చే పెళ్ళివారూ, అందరికీ అదే దారి. పండగ రోజుల్లో కారూ ఆటో రాసుకోకుండా పోవడం గగనం. మా మరిది కారుకి అలాగే ఒక ఆటో రాసుకుంది. మనుషులకేమీ కాలేదు. ముందుదీపం పట్టుకునే చెవి ఒకటి విరిగింది, బంపరు చీలింది, పక్క అద్దం డొప్ప రెండు ముక్కలయింది. నేనూ ఆ కారులోనే ఉండబట్టి మెకానిక్కు షెడ్డులో స్టూలు మీద రెండు గంటలు కూర్చోవలసి వచ్చింది. కథలు రాసుకునేదాన్ని అలాంటి చోట కూర్చోబెడితే ఊరుకుంటానా? ఒకటొకటీ అడుగుతూనే ఉన్నాను.

వెనకటి అంబాసిడరు కారు గుర్తుందా? దానికి ముందూ వెనకా మెరిసే ఉక్కు బంపరు. సొట్ట పడితే సుత్తితో నాలుగు దెబ్బలు వేసి మళ్ళీ దారికి తెచ్చేవారు. ఇనుముది ఆ గుణం. ఒంగుతుంది, మళ్ళీ ఒంగుతుంది, కాల్చి అతికితే అతుకుతుంది. వేమన్న ఇనుమునీ మనసునీ పక్కపక్కన పెట్టి, అది అతుకుతుంది గానీ ఇది అతకదని చెప్పింది అందుకే. కానీ వేమన్న కాలంలో ప్లాస్టిక్ లేదు. 2014లో అంబాసిడరు తయారీ ఆగిపోయింది. ఇవాళ్టి కార్లలో బంపరు, దీపాల డొప్పలు, అద్దాల డొప్పలు, డాష్‌బోర్డు అన్నీ ప్లాస్టిక్కే. కారు తేలికవుతుంది, నూనె తక్కువ తాగుతుంది, తుప్పు పట్టదు. మా సముద్రపు గాలికి అది తక్కువ లాభం కాదు. అయితే దెబ్బ తగిలితే సొట్ట పడి ఊరుకోదు, చీలుతుంది. చిటికెనవేలంత చెవి ఒకటి విరిగితే దాన్నొక్కదాన్నీ అమ్మేవాడు సాధారణంగా దొరకడు. మొత్తం దీపమే మార్చుకోమంటారు. వేలల్లో బేరం. అద్దం చెక్కుచెదరలేదు, బల్బు వెలుగుతూనే ఉంది, అయినా చెవి లేదు కాబట్టి దీపమంతా చెత్తబుట్టలోకి! నాకు ప్రాణం ఉసూరుమంది.

ఆ అబ్బాయి మాత్రం తొణకలేదు. "ఉండండి మేడంగారండీ, ముందు ఏ ముక్క ఏ జాతో చూడనివ్వండి" అని విరిగిన ముక్కల్ని వెనక్కి తిప్పాడు. వెనకవైపు చిన్న చిన్న అచ్చక్షరాలున్నాయి. అద్దం డొప్ప మీద ఎ.బి.ఎస్. అని, బంపరు లోపల పి.పి. అని. ప్లాస్టిక్ అంటే అంతా ఒక్కటే అనుకుంటాం గానీ, దాంట్లోనూ కులగోత్రాలున్నాయన్న మాట. "ఎ.బి.ఎస్. అయితే గమ్ముకి లొంగుతుందండి. పి.పి.కి మీరు ఎన్ని ట్యూబులు పోసినా దండగండి" అన్నాడు.

ఆ గమ్ము కథ కూడా వినదగ్గదే. మనం పచారీ కొట్లో అయిదు, పది రూపాయలిచ్చి కొనుక్కునే ఆ బుల్లి ట్యూబులోని మందు పేరు సయనోఅక్రిలేట్. 1942లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, యుద్ధంలో తుపాకులకి అమర్చే గురిబిళ్ళల కోసం తేటైన ప్లాస్టిక్ చెయ్యబోతే ఇది తగిలింది. ముట్టుకున్నదల్లా అంటుకుపోతోందని విసుగెత్తి పక్కన పడేశాడు. 1951లో ఆయన దగ్గర పనిచేసే ఫ్రెడ్ జాయ్‌నర్ పరీక్ష కోసం ఖరీదైన పరికరంలో రెండు గాజు పట్టకాల మధ్య దీన్ని పూశాడు. పట్టకాలు ఊడి రాలేదు. అప్పుడు వెలిగింది కూవర్‌కి, ఇన్నాళ్ళూ తిట్టుకున్న గుణమే దీని గొప్పతనమని. 1958లో అది ఈస్ట్‌మన్ 910 అనే పేరుతో బజారుకొచ్చింది. ఒకచోట పనికిమాలినదనిపించుకున్న గుణం ఇంకోచోట బంగారమయింది. ఆడపిల్లల్ని పెంచే తల్లులు ఈ మాట కొంగున ముడేసుకోవచ్చు.

ఇంకో విశేషం. ఈ జిగురు ఎండి గట్టిపడదు, తడితో గట్టిపడుతుంది. వస్తువుల ఒంటి మీద కంటికి కనపడనంత చెమ్మ ఉంటుంది చూశారూ, అది తగలగానే దానిలోని కణాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసుకట్టులా బిగుసుకుపోతాయి. అందుకే చెమట చేతికి చటుక్కున అంటుకుంటుంది. చెమ్మ బొత్తిగా లేనిచోట దానికి పట్టు దొరకదు. మనుషుల సంగతీ అంతే కాబోలు.

ఆ అబ్బాయి పనిచేస్తుంటే నేను చూసిన పద్ధతి చెపుతాను, మీ ఇంట్లోనూ పనికొస్తుంది. ముందు విరిగిన అంచుల్ని సబ్బునీళ్ళతో కడిగి, జిడ్డూ దుమ్మూ పోయేలా తుడిచి, ఆరబెట్టాడు. గరుకు కాగితంతో కాస్త రుద్దాడు. జిగురు రాయకుండానే రెండు ముక్కల్నీ ఒకసారి కలిపి, ఎదురుబొదురుగా కూర్చుంటున్నాయో లేదో సరిచూసుకున్నాడు. ఆ తరవాతే జిగురు. అదీ ఎంత? కాటుక చుక్కంత. "మరికాస్త రాయకూడదా బాబూ?" అన్నాను. "ఎక్కువ రాస్తే ఊడిపోద్దండి. పల్చగా ఉంటేనే పట్టండి" అన్నాడు. నిజమేనట. మందంగా పోస్తే లోపల సరిగా బిగుసుకోదు, పల్చటి పొరదే బలం. ముక్క కాస్త ఎగిరిపోయి సందు మిగిలినచోట చిటికెడు వంటసోడా చల్లి, మీద ఒక చుక్క వేశాడు. క్షణంలో రాయి. ఎక్కువ ఊపు తగిలే దీపం చెవికి మాత్రం దీన్ని నమ్ముకోలేదు. ఈ జిగురు లాగితే ఓర్చుకుంటుంది గానీ దెబ్బ కొడితే ఓర్చుకోదట. అక్కడ రెండు ట్యూబులు కలిపి రాసే ఎపాక్సీ పెట్టి, వెనక సన్నటి ఇనుపజాలీ ముక్క ఆసరా ఇచ్చి, మర్నాడు పొద్దుటిదాకా కదపొద్దన్నాడు.

సందర్భం వచ్చింది గనక ఒక జాగ్రత్త. ఈ గబుక్కున అతుక్కునే జిగురు నూలుచీర మీద బాగా ఒలికితే పొగొచ్చేటంత వేడెక్కి ఒళ్ళు కాలుతుంది. వేళ్ళు అంటుకుంటే లాగకండి, గోరువెచ్చటి సబ్బునీళ్ళలో నానబెట్టండి. కంట్లో పడితే మాత్రం నీళ్ళతో కడుగుతూ డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

ఇక బంపరు. దాని మీద పి.పి. అని రాసుంది కదా, అంటే పాలిప్రొపిలీన్. మన పెరట్లో వేసుకునే ప్లాస్టిక్ కుర్చీలు ఆ జాతే. మామూలు జిగురు ఏదీ దాన్ని పట్టుకోలేదు. తామరాకు మీద నీటిబొట్టులా, ఆ పదార్థం ఒంటి మీద జిగురు పరుచుకోదు, ముద్దయి నిలబడుతుంది. ఎండాక గోటితో గీరితే పెచ్చులా లేచి వస్తుంది. దీనికి దగ్గర చుట్టమే పాలిథిలీన్, దానిదీ అదే తీరు. ప్రపంచమంతటినీ అతికించే ఆ జిగురు నింపిన సీసాలు ఉన్నాయే, అవి ఎక్కువగా పాలిథిలీనువే. ఎందుకంటే అది ఆ జిగురుని తనకి అంటనివ్వదు. ఈ మాట వినగానే నాకు కొందరి కాపురాలు కళ్ళ ముందు మెదిలాయి. ఒకే సీసాలో ఏళ్ళ తరబడి ఉంటారు. అంటుకోవడం మాత్రం ఉండదు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆ బంపరు అతకకపోతే "ఈ జిగురు మంచిది కాదు" అనడం ఎంత తేలిక! ఇంకో కంపెనీది కొంటాం. ఇంకో ట్యూబు పోస్తాం. ఇంకాస్త గట్టిగా నొక్కి పట్టుకుంటాం. ముక్కని వెనక్కి తిప్పి అక్షరాలు చదివే ఓపిక ఎవరికుంది?

మన ఇళ్ళలో జిగురు పని ఎవరిదో నేను చెప్పనక్కర్లేదు. అన్నదమ్ములు మాట్లాడుకోకపోతే తోడికోడళ్ళు కలపాలి. తండ్రీ కొడుకులకి పడకపోతే మధ్యలో తల్లి నలగాలి. మొగుడు ముభావంగా ఉంటే పెళ్ళాం నవ్వుతూ ఉండాలి. అన్నీ కలిసి ఉన్నంతకాలం జిగురు సంగతి ఎవరికీ గుర్తు రాదు, అది కనపడదు కదా! ఊడినరోజు మాత్రం వేలు దానివైపే. "ఇల్లాలు చూసుకోవద్దూ? ఇల్లు నిలబెట్టుకోవడం ఆడదాని చేతిలో ఉంది."

నాకు తెలిసిన ఒకమ్మాయి విషయంలో పెద్దమనుషులు మూడుసార్లు కూర్చున్నారు. మూడుసార్లూ ఒకే తీర్పు. "నువ్వే కాస్త సర్దుకుపోవాలమ్మా." ఆ అబ్బాయి ఎలాంటివాడని గానీ, ఇంట్లో పేరుకున్న జిడ్డు ఏమిటని గానీ ఒక్కరూ వాకబు చెయ్యలేదు. మెకానిక్కు చేసినట్టు ముందు కడగలేదు. రెండు అంచులూ ఎదురుబొదురుగా కూర్చుంటాయో లేదో చూడలేదు. ఉన్న జిగురు మీదే ఇంకొంత జిగురు పొయ్యమన్నారు. ఆ అమ్మాయి పోసింది. ఉద్యోగం మానేసింది, పుట్టింటి రాకపోకలు తగ్గించుకుంది, మాట తగ్గించుకుంది. మూడోసారి విడిపోయాక "నాలోనే ఏదో లోపం ఉందండీ" అంది నాతో. ఆ మాటే నా చేత ఇది రాయిస్తోంది. కాపురం విరగడం దుఃఖమే. కానీ విరిగినందుకు తనే పనికిమాలినదాన్నని ఒక మంచి పిల్ల నమ్మడం అంతకంటే పెద్ద అన్యాయం. మొదటిది జరిగింది, రెండోది మనమంతా కలిసి చేశాం.

ఇలా మాట్లాడితే మా పక్కింటి బామ్మగారు "రచయిత్రులంతా ఇంతేనమ్మా, పచ్చటి కాపురాల్లో నిప్పులు పోస్తారు" అంటుంది. ఆవిడ మాటలోనూ సత్యం లేకపోలేదు. చెవి విరిగిందని దీపమంతా పారేసేవాళ్ళు పెరిగారు, కార్లలోనూ సంసారాల్లోనూ. ఒక మాట పట్టింపుకి పదేళ్ళ స్నేహం, ఒక పెళ్ళిపిలుపు ఆలస్యమైందని మేనమామ వరస తెంచుకునేవాళ్ళని చూస్తున్నాం కదా. ఇవన్నీ హాయిగా అతికే జాతి బీటలు. కాస్త కడిగి, కాటుక చుక్కంత మంచిమాట రాసి, కదపకుండా ఒక పూట ఊరుకుంటే సరిపోయేవి. అతికే అవకాశం ఉన్నదాన్ని బద్ధకం కొద్దీ, బింకం కొద్దీ పారేయడం తప్పే. ఆ తప్పుకి నేను వకాల్తా పుచ్చుకోను.

అతకని జాతి సంగతేమిటి మరి? దానికీ ఒక దారి ఉందని ఆ షెడ్డులోనే చూశాను. చిన్నప్పుడు వీధుల్లోకి ప్లాస్టిక్ బకెట్లకి అతుకులేసేవాడు వచ్చేవాడు, జ్ఞాపకం ఉందా? నిప్పుల్లో కాల్చిన కడ్డీతో బీట అంచులు రెండింటినీ కరిగించి, అదే రకం ప్లాస్టిక్ ముక్క దాని మీద కరగేసి రాసేవాడు. మా బంపరుకీ ఆ అబ్బాయి అదే వైద్యం చేశాడు, చేతిలో ఉన్నది కరెంటు కడ్డీ, అంతే తేడా. ఇక్కడ మూడో పదార్థం ఏమీ లేదు. ఇటు అంచూ కరగాలి, అటు అంచూ కరగాలి. ఒక వైపే కరిగి రెండోది చల్లగా కూర్చుంటే అది పైపూతే గానీ అతుకు కాదు. కొన్ని సంబంధాలకి మధ్యవర్తుల జిగురు పనిచెయ్యదు. ఆ ఇద్దరికీ వేడి తగలాలి, ఆ ఇద్దరే కరగాలి. కరగనివాణ్ణి ఎంతమంది కలిసి పట్టుకున్నా లాభం లేదు.

ఆ అబ్బాయి చెప్పిన ఆఖరు నియమం ఇంకా గట్టిది. "డొప్పలూ మూతలూ ఎన్నయినా అతికిస్తానండి. బ్రేకుల జోలికీ, స్టీరింగు జోలికీ, సీటుబెల్టు జోలికీ, గాలిసంచీ మూత జోలికీ మాత్రం గమ్ముతో వెళ్ళనండి." ప్రమాదంలో గాలిసంచీ తెరుచుకునేటప్పుడు దాని మూత చీలవలసిన గీత మీదే చీలాలి. అతుకేసి పెడితే ఆ ముక్కలే ఎగిరి మొహానికి తగలొచ్చు. అంటే అందం కోసం ఉన్నదాన్ని అతికించవచ్చు, ప్రాణం ఆనుకుని ఉన్నదాన్ని జిగురుతో అతికించడం పాపం.

ఇంట్లో దెబ్బలు తింటున్న పిల్లకి "సర్దుకుపో" అని చెప్పడం సీటుబెల్టుకి జిగురు రాయడమే. అలాంటి చోట సర్దుబాట్లు కాదు, రక్షణ కావాలి. గృహహింస నుంచి స్త్రీలకి రక్షణ ఇచ్చే చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. దాని కింద రక్షణ ఉత్తర్వులూ, ఆ ఇంట్లోంచి గెంటెయ్యకుండా నివాసపు ఉత్తర్వులూ కోర్టు ఇవ్వవచ్చు. ఇది తెలిసిన పెద్దమనుషులు మా వైపు తీర్పులకి కూర్చునేవాళ్ళలో ఎంతమంది ఉంటారో గానీ, పిల్లల తల్లులమైనా తెలుసుకుని ఉండాలి.

మా ఊళ్ళో కుక్కుటేశ్వరస్వామి కోవెల ఆవరణలోనే పురుహూతికాదేవి ఉంది. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి. పుట్టింట్లో మొగుడికి జరిగిన అవమానం భరించలేక సతీదేవి ప్రాణం విడిచింది. శివుడంతటివాడు ఆ దేహాన్ని వదలలేక భుజాన వేసుకుని లోకాలన్నీ తిరిగాడు. విష్ణువు చక్రంతో దాన్ని ఖండిస్తే తప్ప ఆయన దుఃఖం దిగలేదు. ముక్కలు పడ్డచోటల్లా ఒక పీఠమయింది. మా పిఠాపురంలో అమ్మవారి పీఠభాగం పడిందని స్థలపురాణం. ఆ ముక్కల్ని పోగుచేసి అతికించాలని ఏ దేవుడూ అనుకోలేదు చూశారా! పడ్డచోటే పసుపూ కుంకుమా ఇచ్చి దణ్ణం పెట్టుకుంటున్నాం. భిన్నమైన విగ్రహానికి పూజ లేదన్న శాస్త్రమే, భిన్నమైన దేహానికి పద్దెనిమిది గుళ్ళు కట్టించింది. విరగడం వల్ల విలువ పోదని ఇంతకంటే గట్టిగా ఎవరు చెప్పాలి?

అంచేత ఇంట్లో ఒక జిగురు ట్యూబు ఎప్పుడూ ఉంచుకోండి. పిల్లవాడి బొమ్మకీ, మిక్సీ మూతకీ, కారు డొప్పకీ దానితో చాలా పని ఉంది. అది తియ్యబోయే ముందు ముక్కని ఒకసారి వెనక్కి తిప్పి చదవండి. అతికేదయితే ఓపిగ్గా అతికించండి. కరగవలసినదయితే రెండు వైపులా కరుగుతున్నాయో లేదో చూడండి. ఏదీ కాకపోతే మర్యాదగా పక్కన పెట్టండి. అంతేగానీ, జిగురుని మాత్రం తిట్టకండి. ఆ జిగురు మీరే అయినప్పుడు అసలే తిట్టకండి.